అత్త పెళ్లిరోజు కాలిపోయిన డైనమో

ఈ ఉదయం కల్లూరులో మెకానిక్ మా కారు ఆల్టర్నేటర్ విప్పి పక్కన పెట్టాడు. కాలిన రాగితీగ వాసన వచ్చింది. మన చిన్నప్పుడు దాన్ని అందరూ డైనమో అనేవారు, గుర్తుందా?

చిన్నత్త పెళ్లిరోజు నాయన పాత డీజిల్ కారులో ఇదే వాసన వచ్చింది. ఎర్రగుంట్ల నుంచి చర్చికి పోతుంటే దారిలోనే డైనమో కాలిపోయింది, ఛార్జింగ్ అందక బ్యాటరీ దిగిపోయింది. డీజిల్ ఇంజను కాబట్టి బండి నడుస్తూనే ఉంది గానీ, ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. చర్చి ముందు అందరం దిగాం. నాయన దిగలేదు.

"పెండ్లి అయినాంక మిమ్మల్ని ఊరికి తీస్కపోవల్ల గదా. మీరు పోండి, నేను ఈడనే ఉంటా" అన్నాడు.

తాత అప్పటికే లేడు. అత్తను చెయ్యి పట్టి లోపలికి నడిపించాల్సింది నాయనే. లోపల పాట మొదలైంది. అత్త తెల్లచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కారు దగ్గరికి తిరిగొచ్చింది.

"ఆపెయ్ అన్నా. బండి తోసేకి శానామంది ఉండారు. నన్ను తోడుకపోయేకి నువ్వొక్కనివే."

నాయన ఇంజను ఆపి, చెమట పట్టిన అరచేతిని చొక్కాకు తుడుచుకుని ఆమెకు అందించాడు.

పెళ్లయ్యాక అందరికంటే ముందు పెళ్లికొడుకే కోటు విప్పి తోయడానికి వచ్చాడు. అత్తా ఓ చెయ్యి వేసింది. బండి కదిలింది. హారన్ మోగదు కాబట్టి దారి పొడవునా కొత్త మామ కిటికీలోంచి తల బయటపెట్టి, "జరగండప్పా, జరగండి!" అని అరుస్తూనే ఉన్నాడు.