కొట్టివేత కనపడాలి

నా చిన్నప్పుడు మా ఊరి వాన లెక్క మా తాతయ్య చేతిలో ఉండేది. పుంగనూరు తాలూకా కచేరీలో ఆయన గుమాస్తా. ఆవరణలో నిలబెట్టిన, వాన కొలిచే రెయిన్ గేజి తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడేది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు దాన్ని తెరిచి, నీళ్లు గీతలున్న కొలగాజులో పోసి, అంగుళంలో నూరోవంతు దాకా చూసి, సిరాకలంతో రిజిస్టరులో ఎక్కించేవారు. కరువు వచ్చిన ఏట ఏ ఊళ్ల పశువులకు సర్కారు గడ్డి ఇవ్వాలో ఆ అంకెలే తేల్చేవి.

నాకు పదేళ్లప్పుడు ఆయనకు చలిజ్వరం వచ్చింది. కొలగాజు చదవడం నాకు తెలుసు గనుక మూడు రోజులు నేనే వెళ్లాను. మూడో రోజు గురువారం. గాజులో ఎనిమిది నూరోవంతులే ఉన్నాయి. గడ్డి కోసం అర్జీ ఇవ్వడానికి పెద్దపంజాణి వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ అక్కడే కూర్చుని ఉంది. "కొంచెం జాస్తిగా రాయి పాపా, నీ సెయ్యి సూసైనా దేవుడు పోస్తాడేమో" అని నవ్వింది. నేను నిజంగానే నమ్మి, 0.08కి బదులు 0.80 రాశాను.

ఇంటికి వచ్చాక భయమేసింది. వాన ఎక్కువ రాస్తే ఆమె ఆవులకే గడ్డి రాదని అప్పుడు తోచింది. వెనక్కి పరుగెత్తి, బ్లేడుతో గీకి, 0.08 దిద్దాను. కాగితానికి చిల్లు పడింది.

తాతయ్య కొట్టలేదు. జ్వరంతోనే కచేరీకి నడిచివచ్చి, ఆ పేజీని వెలుతురుకు పట్టి చూశారు. "తప్పు రాసినావు, సరే. దాన్ని యాల సంపినావు? ఇప్పుడు ఈ పేజీని ఎవురు నమ్ముతారు?" అన్నారు. పాత అంకె కనిపించేలా ఒక్క అడ్డగీత గీసి, పక్కన సరైనది రాసి ఉంటే సరిపోయేదట. తర్వాత చిల్లు పక్కన మార్జిన్‌లో జరిగినదంతా రాసి, కింద నా చేత సంతకం పెట్టించారు. రిజిస్టరు పిల్ల చేతికిచ్చినందుకు ఆయనకు మెమో వచ్చింది. కానీ మదనపల్లె నుంచి తనిఖీకి వచ్చిన అధికారి, ఆ మార్జిన్ చూశాకే తక్కిన పేజీలన్నీ నమ్మానని చెప్పి, ఆ ఊళ్లకు గడ్డి రాశాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆ మార్జిన్ మళ్లీ గుర్తొచ్చింది. అప్పటికి నేను లెక్కల టీచరుగా రిటైరయి, మిద్దె మీద సొంత రెయిన్ గేజి పెట్టుకుని, రోజూ నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఆ ఏడు కరువు జాబితాలో మా చుట్టుపక్కల ఊళ్లు లేవు. జూలై పదిహేడున నలభైరెండు మిల్లీమీటర్లు కురిసింది గనుకే అని మండలాఫీసువాళ్లు నోటిమాటగా చెప్పారు. నా పుస్తకంలో ఉన్నది 4.2. ఆఫీసుకు వెళ్లి అడిగాను. గుమాస్తా అరచేతిలో పట్టే మిషన్ తీసి, పుల్లలాంటి ప్లాస్టిక్ కలంతో అద్దం మీద పొడిచాడు. 42 అనే ఉంది.

"నాలుక్కీ రెండుకీ నడుమ సుక్క పడలేదు టీచరమ్మా" అంటూ మళ్లీ పొడిచి 4.2 చేశాడు.

"మరి ఆ నలభైరెండు యాడికి పోయింది?"

"పాయె. తప్పుదాన్ని పెట్టుకోని ఏం జేస్తావు, ఊరగాయ పెడతావా?"

పై అధికారి వచ్చి మిషన్ చూశాడు. ఎంట్రీలో తప్పు జరిగి ఉంటేనే జాబితా తిరగరాస్తారట. ఇందులో 4.2 అనే ఉంది, తప్పేమీ లేదు కదా, అన్నాడు. జాబితా మారలేదు. ఆ ఎండాకాలం మా వీధిలోనే మూడు ఇళ్లవాళ్లు ఆవుల్ని సంతకు తోలి అమ్ముకున్నారు.

కలంతో రాస్తే కాగితానికి గాయమవుతుంది. పదేళ్ల పిల్ల భయం ఆ చిల్లులో మిగిలింది కనకే తాతయ్య దాని పక్కన నిజం రాయగలిగారు. నేను బ్లేడుతో చేయలేకపోయిన పనిని ఆ పుల్ల ఒక్క పోటుతో చేసేసింది. దాన్ని అభివృద్ధి అని నాకు చెప్పిన వాళ్లందరి మీదా నాకు ఇప్పటికీ కోపమే.

ఆఫీసు నుంచి వచ్చిన ఆ సాయంత్రమే నా నోటుబుక్కులో జూలై పదిహేడు పక్కన, మార్జిన్‌లో, సిరాతో రాశాను: అసలు 4.2. వారి మిషన్‌లో 42 ఉండింది. నా కళ్ల ముందే చెరిపారు. కింద సంతకం పెడుతుంటే కలం పాళీ కాగితానికి తట్టుకుని, అక్షరాలు వంకర పోయాయి. వాటిని దిద్దలేదు. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది, ఆ వంకరతో సహా.