తియ్యటి సాసులో దాగిన ఉప్పు

చేతిలో పని పక్కన పెట్టి, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు జల్లుమంటుంది.

మాది వరంగల్. మా ఆయన మరమగ్గం నడుపుతాడు. ఒకరోజు పొద్దున పనికి పోతూ చెప్పు వేసుకోబోతే పాదం దూరలేదు.

"ఏందే, చెప్పు ముడుసుకపోయింది?" అన్నాడు.

ముడుచుకుపోయింది చెప్పు కాదు, కాలే ఉబ్బింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఇంటి మెట్లు దిగేసరికి ఆయాసం. సుబేదారిలోని దవాఖానకు తీసుకుపోయాను. ఈసీజీ తీశారు, ఎకో చేశారు.

"హార్ట్ ఫెయిల్యూర్ అమ్మా," అన్నాడు డాక్టరు. "గుండె ఆగిపోయిందా సార్!" అని అరిచాను. "గుండె ఆగిపోలేదమ్మా, పంపింగ్ తగ్గింది. మందులు మానొద్దు. ఉప్పు బాగా తగ్గించాలి. లేకపోతే ఒంట్లో నీరు చేరి లంగ్స్‌లోకి వస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది."

ఇంటికొచ్చి పచ్చళ్లు, అప్పడాలు అన్నీ బంద్ చేశాను. కూరలో ఉప్పు రవ్వ కూడా వేయలేదు.

"నన్ను ఎద్దును చేసినవా, గీ గడ్డి పెడ్తున్నవ్?"

"ఎద్దుకన్నా కుడితిల ఇంత ఉప్పేస్తరు, నీకు అది గూడ లేదు. తిను."

వాపు తగ్గింది. కానీ చప్పిడి కూర ఆయనకు గొంతు దిగేది కాదు. మన దగ్గర ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా చూడబోయేవాళ్లు బ్రెడ్డు పట్టుకుపోతారు కదా. మా ఇల్లు బ్రెడ్డు ప్యాకెట్లతో నిండిపోయింది. పరకాల నుంచి వచ్చిన మా ఆడబిడ్డ టమాటా సాసు సీసా కూడా తెచ్చింది.

"అన్నకు నోరు సప్పగైంది వదినే, గిది తియ్యగుంటది, పెట్టు," అంది.

పూటపూటా బ్రెడ్డుకు సాసు దట్టంగా రాసి ఇచ్చాను. ఆయన ఇష్టంగా తిన్నాడు. నోటికి తిండి పడుతోందని నేను మురిసిపోయాను.

మళ్లీ వాపు వచ్చింది. ఒక సాయంత్రం పడుకోబోతే ఊపిరాడలేదు. గోడ పట్టుకుని కూర్చుని గురగురమంటున్నాడు. అంబులెన్సులో తీసుకుపోతే నేరుగా ఐసీయూలో పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు.

"ఇంత ఉప్పు ఎవరు పెట్టారు?" డాక్టరు గట్టిగా అడిగాడు.

"నా బిడ్డ మీద ఒట్టు సార్, ఒక్క రవ్వ ఎయ్యలే!"

డైటీషియన్ పిల్ల వచ్చి ఏమేం తిన్నాడో ఒక్కొక్కటే అడిగింది. సాసు అనగానే, ఆయన తింటాడని నేను సంచిలో పెట్టుకొచ్చిన సీసా తీసి వెనక్కి తిప్పింది. "ఇదిగో అమ్మా, సోడియం. ఇదే ఉప్పు. బ్రెడ్డులోనూ ఉంది."

"తియ్యగుంటది గద బిడ్డా!"

"బ్రెడ్డుకు పిండి కలిపేటప్పుడే ఫ్యాక్టరీలో ఉప్పు వేస్తారమ్మా. సాసులో ఇంకా ఎక్కువ. చక్కెర, పులుపు దాన్ని కప్పేస్తాయి."

సాసు చుక్క నాలుక మీద వేసుకుని చూశాను. మా వాడలో పెళ్లి వంటలకు ఉప్పు చూడమని నన్నే పిలుస్తారు. అలాంటి నా నాలుకకు ఉప్పు తగల్లేదు. పథ్యమని నేను పెట్టిందే ఆయన ఊపిరి తీస్తోంది!

వరండాలో మా ఆడబిడ్డ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నేనే తెచ్చిన వదినే, నా చేతులతోని తెచ్చిన."

"ఊకో. సీసల ఏం కలిపిండ్రో నీకేం ఎరుక, నాకేం ఎరుక?"

నీరు దిగి, మాస్కు తీశాక ఆయన అడిగిన మొదటి మాట: "ఇగ బ్రెడ్డు గూడ బందేనా?" ఏడుస్తూనే నవ్వాను.

ఇప్పుడు ఒంట్లో మళ్లీ నీరు చేరిందేమోనని పొద్దున్నే బరువు చూసుకుంటాడు, మందు వేసుకుంటాడు, ఒకపూట మగ్గం నడుపుతాడు. నేను జొన్నరొట్టె చేస్తాను. కూరకు నిమ్మరసం, ఎల్లిపాయ, కొత్తిమీరతో రుచి తెస్తాను. మెల్లగా ఆయన నోరూ దానికి అలవాటు పడింది.

మీకు చెప్పేది ఒక్కటే. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పిన మనిషికి ప్యాకెట్ తిండి ఏది పెట్టాలన్నా మీ నాలుకను నమ్మకండి. వెనక రాసిన సోడియం ఎంతో చూడండి. చదవడం రాకపోతే నాలాగా ఎవరితోనైనా చదివించుకోండి.

మీ ఇంట్లో ఎవరికీ ఊపిరి బరువు కాకూడదు. పిల్లాపెద్దా అంతా ఒక్క బంతిన కూర్చుని కడుపునిండా తినాలి, సల్లగుండాలి.