మందు సీసాలో నీళ్ళు

1962 ఎండాకాలం. జువ్వలదిన్నెకు దక్షిణంగా, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాలెంలో నేను మిడ్‌వైఫ్‌గా పనిచేస్తున్నాను. సబ్‌సెంటరంటే ఒకటే గది. అందులో ఒక బల్ల, ఒక స్టవ్వు, కాన్పు సామాను పెట్టె. మా ఆయన టైఫాయిడ్‌తో పోయి అప్పటికి ఎనిమిది నెలలు. పనిలో ఉంటే పొద్దు గడిచేది.

పోలమ్మకు పద్దెనిమిదేళ్ళు, తొలి కాన్పు. తల్లి లేని పిల్ల కాబట్టి అత్తగారింట్లోనే కనింది. మగబిడ్డ. కాన్పు నేనే చేశాను, ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది నాలుగో రోజున మొదలైంది.

కాన్పయ్యాక పది రోజులు ఇంటికి వెళ్ళి తల్లినీ బిడ్డనూ చూడాలి. దాన్ని పోస్ట్‌నేటల్ విజిట్ అంటారు. నాలుగో రోజు వెళ్ళేసరికి కిటికీకి గోనెపట్టా కట్టి ఉంది, మంచం కింద కుంపటి, పోలమ్మ చెవుల్లో దూది. పెదవులు పగిలి ఉన్నాయి. జ్వరం నూటొకటి. బాలింతకు జ్వరమంటే మేము మొదట చూసేది లోకియా, అంటే కాన్పు తర్వాత పోయే మైల. దానికి చెడు వాసన ఉంటే లోపల చీము పట్టిందని అర్థం. పోలమ్మకు వాసన లేదు, పొత్తికడుపులో నొప్పి లేదు. ఉన్నది దాహం. రెండు పూటలా ఉగ్గుగిన్నెడు వాము నీళ్ళు తప్ప అత్త సుబ్బమ్మ ఇంకేమీ తాగనివ్వడం లేదు. పాలు చాలక బిడ్డ ఏడుస్తున్నాడు. ఆ ఏడుపుకు తిట్లు కూడా పోలమ్మకే.

నీళ్ళు తాగించమని చెప్పాను. సుబ్బమ్మ తలూపింది. ఐదో రోజూ చెప్పాను, తలూపింది. కాదనే మనిషితో వాదించవచ్చు, తలూపే మనిషితో ఏం చేయాలి? మొగుడు కోటయ్యకు చెబితే, వల బాగుచేసుకుంటూ తల ఎత్తకుండానే, అది ఆడోళ్ళ సంగతన్నాడు. ఆరో రోజుకు జ్వరం నూటరెండు. బిడ్డకు గట్టిగా ఏడ్చే ఓపిక కూడా తగ్గింది. పోలమ్మ నా కొంగు పట్టుకుని, అత్తకు వినపడకుండా అడిగింది.

"అక్కా, నువ్వు చేతులు కడుక్కున్న నీళ్ళైనా ఈడ పెట్టిపో."

ఇక చెప్పి లాభం లేదని ఒక తప్పు పని చేశాను. ఆ రోజుల్లో మిక్స్చర్ సీసాకు గాట్లు పెట్టిన కాగితం పట్టీ అంటించేవాళ్ళం, ఒక్కో గాటు ఒక్కో డోసు. రెండు పెద్ద సీసాల నిండా కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు, కాస్త పంచదార, రంగు కోసం ఎర్ర మిక్స్చర్ నాలుగు చుక్కలు కలిపాను. ఇది గట్టి మందనీ, గంటకొక గాటు చొప్పున సాయంత్రానికి రెండు సీసాలూ అయిపోవాలనీ చెప్పాను. సుబ్బమ్మ సీసాలను కళ్ళకద్దుకుంది.

మరునాడు చూస్తే ఒక సీసా మూత కూడా తీయలేదు. రెండోదాంట్లో రెండు గాట్లు తగ్గాయి.

"ఇంత గట్టి మందు పచ్చి ఒళ్ళు తట్టుకుంటదా నర్సమ్మా? పొద్దునొక చెంచా, మాపటికొక చెంచా పోసినా. కోటయ్యకు నడుం నొప్పంటే ఒక గాటు ఇచ్చినా. లేసి వేటకు పొయినాడు. శానా మంచి మందు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అది మందు కాదు, ఉత్త నీళ్ళు. నీ కోడలు ఎండిపోతా ఉంది. దాని వెనకే బిడ్డా పోతాడు" అన్నాను.

సుబ్బమ్మ సీసా ఎత్తి కాస్త నోట్లో పోసుకుని చప్పరించింది. తర్వాత కింద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. గోడవైపు చూస్తూ చెప్పింది.

"నా పెద్దకూతురు బాలింతగా ఉండి దాహం దాహమని ఏడిస్తే చూడలేక, మా అత్తకు తెలీకుండా చెంబుడు నీళ్ళు ఇచ్చినా. వారం తిరక్కుండా పొయింది. ఈ చేత్తోనే ఇచ్చినా."

మైల వాసన వచ్చిందా అని అడిగాను. ఇంట్లో ఉండలేకపోయామంది. మాయ పడకపోతే మంత్రసాని లోపల చెయ్యి పెట్టి లాగిందట. దాన్ని ప్యూర్పెరల్ సెప్సిస్ అంటారు, మురికి చేతుల వల్ల బాలింతకు లోపల చీము పట్టడం. నీ నీళ్ళకూ ఆ చావుకూ సంబంధం లేదని చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు. అప్పుడు ఇంకో మాట కూడా చెప్పాను, చెప్పాలని అనుకోలేదు. మా ఆయన ఆఖరి వారంలో పెరుగన్నం అడిగాడు. టైఫాయిడ్‌లో అన్నం పెట్టకూడదని మాకు నేర్పారు. నేను పెట్టలేదు.

సుబ్బమ్మ సీసాను పక్కన పెట్టింది. లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది.

"నా చేత్తో ఇయ్యలేను. నువ్వియ్యి."

ఇచ్చాను. పోలమ్మ ఆగకుండా తాగింది. ఆ తర్వాత వారం రోజులు, రోజుకు మూడుసార్లు, కాళ్ళు కాలే ఇసుకలో మైలు దూరం నడిచి వెళ్ళి నీళ్ళు పోశాను. నేను మంచం పక్కన ఉంచి వచ్చిన చెంబును, నేను గడప దాటగానే సుబ్బమ్మ తీసేసేది. ఇందుకా నాకు జీతమిస్తున్నారని విసుక్కుంటూనే వెళ్ళాను. నీళ్ళు మొదలైన మూడో రోజుకు జ్వరం దిగింది. బిడ్డకు పాలు చాలాయి.

ఆ వారం దాటిన మరునాడు వెళ్ళేసరికి మంచం పక్కన చెంబు ఉంది, సగం ఖాళీగా.

"నేనియ్యలే. ఆడ పెట్టినా, అంతే" అంది సుబ్బమ్మ.

తలూపే అత్తలు ఆ తర్వాత కూడా తగిలారు, నా విసుగూ తగ్గలేదు. మా మెటర్నిటీ కార్డులో బరువుకు, బీపీకి, ఎన్నో కాన్పో రాయడానికి గళ్ళున్నాయి. ఈ ఇంట్లో ఇంతకు ముందు బాలింత ఎవరైనా పోయారా అన్నదానికి గడి లేదు. నేను పనిచేసినన్నాళ్ళూ ముందు అది అడిగి కార్డు వెనక రాసుకున్నాను. నీళ్ళ మాట ఆ తర్వాతే ఎత్తాను.