అంచు నుంచి పోయిన గాలి

మే 18, శనివారం. సాయంత్రం నాలుగున్నర. గురజాల, టైర్ల షాపు ముందు.
ఉన్నవారు: నేను, నా భార్య, మా పక్కింటి నాపరాళ్ల మిల్లు మేస్త్రి, అతని పెద్దకూతురు, షాపు నడిపే భాయ్. మొత్తం ఐదుగురం.

ఆ రోజు డైరీలో మొదటి వరుసలు ఇవి. ముప్పై నాలుగేళ్లు కాలువ గట్టు మీద ఉద్యోగం చేశాను. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గేజి రాయి మీద నీటిమట్టం చూసి రాయడం నా పని. రిటైరయ్యాక చూడడానికి నీళ్లు లేవు గానీ, రాసే చెయ్యి ఊరుకోలేదు. కారు కొన్నాక దాని టైర్లలో గాలి రాయడం మొదలుపెట్టాను. రోజూ కాఫీకి ముందు సొంత మీటరుతో నాలుగు చక్రాలూ కొలుస్తాను. పుస్తకంలో రోజుకు నాలుగు గళ్లు.

ఆ శనివారం మాకున్న చిక్కు ఇది. మేస్త్రి కూతురు మర్నాడు నర్సింగు కాలేజీ ప్రవేశ పరీక్ష రాయాలి. సెంటరు నరసరావుపేట అవతల, నాదెండ్ల వైపు రోడ్డులో ఉన్న ఒక కాలేజీ. ఎనిమిదిన్నరకు గేటు మూస్తారు. ఆ తర్వాత నిమిషం ఆలస్యమైనా రానివ్వరు. కిందటేడు ఆ పిల్ల ఎక్కిన బస్సు పిడుగురాళ్ల దాటాక ఆగిపోయింది. లారీ ఎక్కి, ఆటో ఎక్కి చేరేసరికి గేటు మూసి నాలుగు నిమిషాలైంది. ఈ ఏడు తండ్రి తేల్చి చెప్పేశాడు. ఇదే ఆఖరు. ఇది కూడా పోతే జూన్ నుంచి బట్టల షాపులో బిల్లింగు పనికి చేరాలి. షాపువాళ్లతో మాట్లాడుకుని కూడా వచ్చాడు. ఆ సంగతి విన్న రోజే నేను గోడ మీదుగా, బస్సు మాట మరిచిపో, నా కారులో నేను దింపుతాను అన్నాను. నన్నెవరూ అడగలేదు. నాకై నేనే అన్నాను.

కారు పాతదే, సెకండ్‌హ్యాండులో కొన్నది. కానీ దానికి అల్లాయ్ చక్రాలున్నాయి. మా వీధిలో వెండిలా మెరిసే చక్రాలు నా బండికే ఉన్నాయి. ఆరు నెలలుగా ఎడమ వెనక చక్రంలో గాలి నిలవడం లేదు. మొదట వారానికి రెండు పాయింట్లు తగ్గేది, తర్వాత మూడు రోజులకు, ఆ తర్వాత రోజుకు. భాయ్ దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్లాను. మూడుసార్లూ టైరును నీళ్ల తొట్టిలో తిప్పి చూసి, పంచరు లేదన్నాడు. మూడోసారి, రిమ్ము మీద నాకు అనుమానంగా ఉంది సార్, టైరు విప్పి లోపల చూద్దాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఈ ఊళ్లో చక్రాలను నాలాగా చూసుకునేవాడు లేడని చెప్పాను. అంతటితో ఆగితే బాగుండేది. భాయ్‌కి చేతిలో పనితనం పోయింది, వాల్వు సరిగా బిగించలేక రిమ్ము మీదికి నెడుతున్నాడని పాల కేంద్రం దగ్గర ఇద్దరు ముగ్గురితో అన్నాను. అది కూడా డైరీలో ఉంది.

శనివారం ఉదయం ఆ చక్రంలో ముప్పై రెండు పెట్టాను. సాయంత్రం నాలుగింటికి కొలిస్తే పద్దెనిమిది. మీటరు తప్పేమోనని మళ్లీ కొలిచాను. మళ్లీ పద్దెనిమిదే. తలెత్తితే గోడ అవతల మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

“ఏంది సారూ, రెండుసార్లు కొలిచావు?” అన్నాడు.

అబద్ధం చెప్పలేకపోయాను. అతను లోపలికెళ్లి చొక్కా వేసుకుని, కూతురిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. రేపు తనను తీసుకెళ్లే బండిని ఆ పిల్ల కూడా చూడాలన్నాడు. నా భార్య చెప్పులేసుకుని ముందు సీట్లో కూర్చుంది. అలా నలుగురం షాపుకు చేరాం, భాయ్‌తో కలిపి ఐదుగురం.

భాయ్ నన్ను చూసి నవ్వలేదు. నమస్కారం మాత్రం పెట్టాడు. నేను పాల కేంద్రం దగ్గర అన్న మాట అతనిదాకా వచ్చిందని అప్పుడే అర్థమైంది. గాలి నింపి, సబ్బు నురగను బ్రష్షుతో టైరు చుట్టూ పూశాడు. టైరు మీద ఎక్కడా బుడగ లేదు. టైరూ రిమ్మూ కలిసే అంచు దగ్గర మాత్రం ఆవగింజంత బుడగలు వరసగా పైకి వస్తున్నాయి, జానెడు పొడవునా. అది చూడగానే నాకు కాలువ గట్టు గుర్తొచ్చింది. గండి పడే ముందు నీరు కారేది గట్టు నడుమ కాదు. తూము పక్కన, రాయీ మట్టీ కలిసే చోట. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ముందు వెతికింది ఆ చోటే. ఇక్కడ ఆరు నెలలు వెతకలేదు.

భాయ్ చక్రం విప్పి టైరు ఊడదీశాడు. రిమ్ము లోపలి అంచు చూపించాడు. కాలిన చర్మంలా పూత పొక్కి ఉంది. వేలితో గీకితే తెల్లటి పొడి రాలింది. అతను బొటనవేలు చుట్టూతా నడిపి, ఆగి, నా వైపు చూశాడు.

“ఏం పోసి కడుగుతారు సార్ దీన్ని?”

మా బోరు నీళ్లు సున్నపు నీళ్లు. బిందె అడుగున పొర కట్టిస్తాయి, బాత్‌రూమ్ గోడల మీద తెల్లటి మరకలు పెడతాయి. ఆ నీళ్లతోనే రోజూ కారు కడుగుతాను. చక్రాల మీద కూడా అవే మరకలు. బాత్‌రూములో మరకలకు ఏది వాడతామో చక్రాలకూ అదే వాడాను.

“చెప్పరేం?” అంది నా భార్య. “బాత్‌రూమ్ యాసిడ్ అయ్యా. ఆదివారం ఆదివారం మగ్గులో కలుపుకుని బ్రష్షుతో తోముతారు. నా బాత్‌రూమ్ కన్నా ఈ చక్రాలకే ఎక్కువ యాసిడ్ అయింది మా ఇంట్లో.”

మేస్త్రి కూతురు తల వంచుకుంది. నవ్వు ఆపుకుంటోందో, మరేదో. మేస్త్రి మాత్రం నవ్వలేదు. యాసిడ్ పడితే నాపరాయికే గుంటలు పడతాయి, ఇది అల్యూమినియం గదా అని మెల్లగా అన్నాడు. రాళ్లతో బతికే మనిషికి తెలిసింది నాకు తెలియలేదు. డైరీలో మూడేళ్ల ఆదివారాల కింద నా చేత్తో నేను రాసుకున్న మాట ఒకటే: చక్రాలు తోమాను, మెరుస్తున్నాయి.

“నా తప్పే,” అన్నాను భాయ్‌తో.

అతను పాన వెతుక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. “నా గురించి చెప్పిన చోట ఇది కూడా చెప్పండి సార్.”

చెప్తానన్నాను.

తర్వాత మిగిలిన మూడు చక్రాలకూ నురగ పూశాడు. ముందు రెండూ ఫర్వాలేదు. కుడి వెనకది కూడా అంచు దగ్గర బుడగలు తీస్తోంది, కాకపోతే సన్నగా. డిక్కీలోని స్టెప్నీ తీశాడు. దాని రిమ్ము మామూలు ఇనుపది, నల్లది, ఒక్క మచ్చ లేదు. టైరు మాత్రం ఎండకు బీటలిచ్చింది, లోపల గాలి అసలు లేదు. నా పట్టికలో నాలుగు గళ్లే ఉన్నాయి గనక ఐదో చక్రాన్ని నేను ఏనాడూ కొలవలేదు.

ఆ స్టెప్నీయే దారి చూపించింది. ఎడమ చక్రం నుంచి ఊడదీసిన మంచి టైరును ఈ ఇనుప రిమ్ముకు ఎక్కించాడు భాయ్. దానితో ఒక వైపు బాధ తీరింది. కుడి వైపు దానికి మరో రిమ్ము లేదు. టైరు విప్పి, అంచును వైరు బ్రష్షుతో, గరుకు కాగితంతో గంటసేపు రుద్ది, నల్లటి జిగురు పూసి, మళ్లీ ఎక్కించి ముప్పై రెండు పెట్టాడు. ఆ గంటసేపూ మేస్త్రి నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

పని అయ్యాక అతను నన్ను అడగలేదు. భాయ్‌నే అడిగాడు. “పొద్దున ఈ బండిని నమ్మొచ్చా భాయ్?”

భాయ్ చేతులు తుడుచుకున్నాడు. “నేను మాటివ్వను అన్నా. లోపల చానా తినేసింది. జిగురు పట్టుద్దో లేదో తెల్లారితేనే తెలుస్తది. ఐదింటికి కొలవండి. ముప్పై ఉంటే పొండి. ముప్పై కిందికొస్తే పిల్లను బస్సెక్కించండి.”

వేరే బండి మాట్లాడదామని ఇంటికొచ్చాక ఇద్దరికి ఫోన్ చేశాను. మర్నాడు ముహూర్తాలున్నాయి, రెండు బండ్లూ పెళ్లిళ్లకు వెళ్లిపోయాయి. మేస్త్రికి ఆ సంగతి చెప్పాను. సరేలే సారూ అన్నాడు. ఆ సరేలేలో నా మీద కోపం లేదు, నమ్మకమూ లేదు. యాసిడ్ సీసాను నా భార్య బాత్‌రూములో పై అరలోకి మార్చింది.

ఆదివారం ఉదయం ఐదింటికి కారు చుట్టూ నలుగురం నిలబడ్డాం. మీటరును నేను పట్టుకోలేదు. మేస్త్రి కూతురి చేతికిచ్చాను. నా చేతిలో ఉంటే అంకె నాకు నచ్చినట్టు కనబడుతుందేమోనని భయం వేసింది. మొదట ఎడమ వెనక చక్రం కొలిచింది. ముప్పై రెండు, కదల్లేదు. కుడి వైపు వెళ్లి కూర్చుని, ఒకసారి కొలిచి, ఫోన్ వెలుతురులో అంకె దగ్గరగా చూసింది.

“ఇరవై తొమ్మిది, తాతయ్యా.”

తెల్లవారుజామున టైరు చల్లగా ఉంటుంది, ఒక పాయింటు తక్కువే చూపిస్తుంది, ఎండెక్కితే ముప్పై అవుతుంది. ఈ మాటలు నా నాలుక మీదికి వచ్చాయి. అవి అబద్ధం కూడా కాదు. కానీ భాయ్ చెప్పిన అంకె ముప్పై. ఆ అంకె విన్నవాళ్లు నా ఎదురుగా ఉన్నారు.

“బస్సు,” అన్నాను.

ఐదున్నర బస్సు కోసం స్టాండుకు నడిచారు. నేనూ నా భార్యా కారులో వెనకే వెళ్లాం. ఒట్టి కారుతో బస్సు వెంట వస్తామని చెప్పాను. బస్సు ఆగిపోతే వాళ్లను ఎక్కించుకోవచ్చు. కారుకే ఏమైనా అయితే బస్సు పోతూనే ఉంటుంది. గాలి కొట్టే చిన్న మోటారు నా భార్య ఒళ్లో ఉంది.

బస్సు ఐదున్నరకు రాలేదు. ఐదూ నలభైకీ రాలేదు. ఆరైంది. మేస్త్రి నా కిటికీ దగ్గరికి రెండుసార్లు వచ్చి, రోడ్డు వైపు చూసి వెనక్కి వెళ్లాడు. మూడోసారి, “కారులోనే పోదాం ఎక్కు” అని కూతురితో అన్నాడు. ఆ పిల్ల పుస్తకం లోంచి తలెత్తి, ఇంకో పది నిమిషాలు చూద్దాం నాన్నా అంది. ఆ పది నిమిషాలు ఎలా గడిచాయో నా డైరీలో లేదు. ఆరూ పదికి బస్సు మలుపు తిరిగి కనబడింది.

బస్సు వెనకే నడిపాను. బస్సు వెనక అద్దంలోంచి ఆ పిల్ల జడ కనబడుతూ ఉంది. “బస్సుకు మనం కాపలానా, మనకు బస్సు కాపలానా?” అని నా భార్య అడిగింది. రోడ్డు మీద ప్రతి గతుకూ కుడి వెనక వైపే పడుతున్నట్టు అనిపించింది. పిడుగురాళ్లలో బస్సు ఆగిన కాసేపట్లో దిగి కొలిచాను. ఇరవై ఏడు. మోటారు పెట్టి ముప్పై రెండుకు తెచ్చేసరికి బస్సు కదిలింది. కిందటేడు బస్సు ఆగిపోయిన చోటు దాటేటప్పుడు మేస్త్రి సీట్లోంచి వెనక్కి తిరిగి నా కారు వస్తోందో లేదో చూశాడు.

ఏడూ యాభైకి నరసరావుపేట స్టాండులో దిగారు. సెంటరు ఇంకా నాలుగు కిలోమీటర్లు. ఆటోలు చుట్టుముట్టాయి. మేస్త్రి ఒకతనితో మాట్లాడుతున్నాడు. అతని కూతురు నేరుగా నా కారు దగ్గరికి వచ్చింది.

“ఇప్పుడెంతుంది తాతయ్యా?”

దిగి కొలిచి చూపించాను. ముప్పై. తనే వంగి అంకె చూసుకుని, వెనక తలుపు తీసి కూర్చుంది. “నాన్నా, రా,” అంది.

ఎనిమిదీ ఎనిమిదికి గేటు ముందు ఆపాను. తెరిచే ఉంది. కమ్మలు లోపలికి తేకూడదన్నారు. ఆ పిల్ల అక్కడే తీసి నా భార్య చేతిలో పెట్టి, హాల్ టికెట్టు చూపించి లోపలికి వెళ్లిపోయింది. ఎనిమిదిన్నరకు గేటు మూసి గొలుసు వేశారు. అప్పటిదాకా మేస్త్రి ఆ గేటు నుంచి చూపు తిప్పలేదు.

గొలుసు పడ్డాక వచ్చి, కుడి వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“మీటరివ్వు సారూ,” అన్నాడు.

ఇచ్చాను. ఎలా పట్టుకోవాలో చెప్పబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. రాయి కొలిచే మనిషి పట్టుకున్నట్టు నిదానంగా పట్టుకుని, కన్ను దగ్గరగా పెట్టి చదివాడు. “ఇరవై తొమ్మిది. రాసుకో.”

రాసుకున్నాను.