అరవై మంది కార్తేజ్ సైనికులు

నేను నందిగామలో కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్‌లో పనిచేస్తా. జగ్గయ్యపేటలో బట్టల షాపున్న నా ఫ్రెండూ నేనూ ఇంటర్ నుంచి కలిసి తిరిగినవాళ్ళం. పాత యుద్ధాల వీడియోలు చూసి చూసి, వేలెడంత ప్లాస్టిక్ సైనికులతో మేమూ ఒక యుద్ధం ఆడాలనుకున్నాం. వాడు రోమ్, నేను దాని శత్రువు కార్తేజ్. తన షాపు మేడ మీద పెద్ద బల్ల వేయిస్తానన్నాడు.

రోమన్లు పెట్టెల్లో తయారుగా దొరికారు. నాకు కావలసిన కార్తేజ్ కాల్బలం ఎక్కడా దొరకలేదు. చివరికి గ్రీకు సైనికుల్ని తెప్పించా. కార్తేజ్ వాళ్ళు చచ్చిన రోమన్ల కవచాలు ఒలిచి తొడుక్కున్నారని చదివా, అందుకే వీళ్ళకీ అవే తొడగాలనుకున్నా. తన పెట్టెల్లో మిగిలిపోయిన రోమన్ డాళ్ళు వాడే ఇచ్చాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, ల్యాబ్‌లో మైనం చెక్కే కత్తితో గుండ్రటి గ్రీకు డాలు కోసేసి, పొడుగాటి రోమన్ డాలు అతికించేవాణ్ణి. ఛాతీ మీద ఎపాక్సీ ముద్ద పల్చగా పరిచి, గట్టిపడేలోపు సూదితో గుచ్చి గుచ్చి ఇనప గొలుసుల కవచంలా తేల్చేవాణ్ణి. ఏడాదిన్నర పట్టింది.

ఫోన్ చేసినప్పుడల్లా, "ఎంతవరకు వచ్చిందిరా? కానీ, కానీ, నా వాళ్ళు రెడీ" అనేవాడు.

ఒక ఆదివారం అరవై మందినీ స్వీటు డబ్బాల్లో దూది మీద పేర్చుకుని, డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళా. షాపులో ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. మూత తీస్తే ఒకాయన వంగి చూసాడు.

"ఏంటండీ ఇవి, కేకు మీద పెట్టేవా?"

మావాడు నవ్వాడు. "పళ్ళు కట్టీ కట్టీ వీడి చేతులు ఊరుకోవండీ."

వాళ్ళు వెళ్ళేదాకా ఆగి అడిగా. "నీ రోమన్లేరి?"

"షాపు బాగుచేయించినప్పుడు పాత సామానుతో పాటు పారేసార్రా."

"ఎప్పుడు?"

"కిందటి ఎండాకాలం."

అంటే ఏడాదిగా వాడి దగ్గర ఒక్క బొమ్మ లేదు.

"మరి మొన్న కూడా రెడీ అన్నావు?"

"నువ్వంత ఇష్టంగా చేసుకుంటుంటే ఎలా చెప్పమంటావ్?" అని, "అయినా నువ్వు పూర్తి చేస్తావనుకోలేదురా" అన్నాడు.

డబ్బాలు మూసేసా. టీ తాగి వెళ్ళమన్నాడు. తాగా. వాడబద్ధం చెప్పినందుకు ఎంత మండిందో, ఆ టీ తాగినందుకు నా మీద నాకు అంతకన్నా మండుతోంది. ఏమీ జరగనట్టు కూర్చుని, బిస్కెట్ కూడా తిన్నా.

ఇంటికొచ్చాక మా ఆవిడ, "ఎవరు గెలిచారు?" అంది.

"అన్నం పెట్టు" అన్నా.

తర్వాత రెండుసార్లు ఫోన్ చేసాడు. ఎత్తలేదు. మూడోసారి చెయ్యలేదు.