ఈ రోజు వంట రేపటికి

ఆ రోజుల్లో అన్నం పారేస్తే పాపమని ప్రతి ఇంట్లోనూ చెప్పేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం అది పాపం కాదు, నష్టం. పాపానికైతే కొబ్బరికాయ కొట్టి సర్దుకోవచ్చు గానీ నష్టానికి ఏ దేవుడి దగ్గరా మందు లేదని మా నాయన నమ్మకం. మాది మదనపల్లెలో కిరాణా అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక్క తలుపు. ఆ తలుపు గుండా పప్పూ ఉప్పూ వంటింట్లోకి పోయినట్టే అంగడి సూత్రాలు కూడా పోయాయి. వాటిలో పెద్దది, మాకు నడకతో పాటు నేర్పించింది: పాత సరుకు ముందు పోవాలి, కొత్త సరుకు వెనక్కి పోవాలి. కొత్త బెల్లం వస్తే పాత బెల్లం వెనక పేర్చాలి. అంగడికి ఇంతకంటే మంచి సూత్రం లేదు. అదే సూత్రాన్ని సంగటి చట్టికి పెట్టి మేం పడ్డ పాట్లు తలచుకుంటే, ఈ వయసులో నవ్వు కంటే ముందు పులితేన్పు వస్తుంది.

ఎట్లాగంటారా. నిన్నటి పులుసు మిగిలింది. ఈ రోజు మళ్ళీ పులుసు కాచారు. భోజనానికి కూర్చుంటే మా అవ్వ (నాయనకు తల్లి, ఇంటికి అసలు యజమాని) ముందు నిన్నటిది పోస్తుంది. దాంతోనే కడుపు నిండుతుంది. ఈ రోజుది అట్లే మిగిలిపోయి, తెల్లారేసరికి నిన్నటిది అయి కూర్చుంటుంది. ఈ లెక్కన నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఇంటిల్లిపాదీ లోకం కంటే ఒక రోజు వెనకబడి తింటున్నాం. పొగలు కక్కే రాగి సంగటి పొయ్యి మీది నుంచి దిగడం రోజూ చూసేవాణ్ణి. అది దిగీ దిగగానే మూత కప్పుకొని ఉట్టెక్కేది. మేం నిన్నటి ముద్దని మజ్జిగలో పిసుక్కొని జుర్రేవాళ్ళం. అవ్వను తప్పుపట్టడానికీ లేదు. పాత అన్నం ఆమె చేతిలో చిత్రాన్నమయ్యేది, పులిసిన మజ్జిగ ఆవపెట్టిన చారయ్యేది. కూరలూ పులుసులూ మరీ పోగుపడితే అన్నింటినీ ఒకే మట్టిచట్టిలో పోసి సన్నసెగ మీద చిక్కబడేదాకా కాచేది. ఆ చట్టి పూర్తిగా ఖాళీ కావడం నేను చూడలేదు. అందులో తగిలే వంకాయ ముక్క వయసులో నాకంటే పెద్దదో చిన్నదో చెప్పడం కష్టం.

ఒకసారి ధైర్యం చేసి, ఒక్క పూట వంట మానేస్తే చాలు, పాతదంతా చెల్లిపోతుంది కదా అన్నాను. అవ్వ గరిటె కింద పెట్టి నా వైపు చూసింది.

"పొయ్యి ఎలిగించని ఇల్లు ఏదిరా? సావు జరిగిన ఇల్లు. ఈ ఇంట్లో ఎవురు సావాల, నువ్వే సెప్పు."

(తాత పోయిన రోజు మా పొయ్యి వెలగలేదట. కానీ చుట్టాలు మోసుకొచ్చిన అన్నం మిగిలిందట.)

ఇట్లా ఉండగా అన్నకు పెళ్ళయి కుప్పం వైపు పల్లె నుంచి వదిన వచ్చింది. వాళ్ళది సేద్యం ఇల్లు. మిగిలింది ఏదైనా కుడితి తొట్లో పడుతుంది, బర్రె తాగుతుంది, అది పాలై మళ్ళీ ఇంట్లోకే వస్తుంది. మా ఇంట్లో బర్రె లేదు. ఆ పని మేమే చేసేవాళ్ళం. వదిన కొన్నాళ్ళు మాతో పాటే నిన్నటిది తిన్నది. తర్వాత నెల తప్పింది, వేవిళ్ళు మొదలయ్యాయి. చట్టి మూత తీస్తే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పెరట్లోకి పరిగెత్తేది. ఆమె అడిగింది ఒకటే: వేడి వేడి సంగటి ముద్ద, దాని గుంటలో అంత నెయ్యి. అన్న ఎండుమిరప మూటల మధ్య నిలబడి తుమ్మని మొనగాడే గానీ, అవ్వ ముందు నోరు విప్పలేడు. అవ్వేమో ప్రేమగానే, "పెడతా లేమ్మా, నిన్నటిది అయిపోనీ" అనేది. ఒక్కదానికే వేరే వడ్డిస్తే కోడల్ని ఇంట్లోంచి వేరుచేసినట్టేనని ఆమె లెక్క.

ఒకనాడు వదిన నన్ను పెరట్లో నిలబెట్టింది. "సూడప్పా, సంత నాటికి ఆ చట్టి ఖాళీ కాకుంటే నేను కుప్పం బస్సెక్కుతా. మళ్ళా వస్తానో రానో అప్పుడు సూస్తాం."

మూడో నెలలోనే కోడలు పుట్టింటికి పోతే వీధి ఊరుకుంటుందా? అంగడికొచ్చే ప్రతి మనిషీ ఉప్పుతో పాటు ఆ ముచ్చట కూడా అడుగుతాడు. అన్న ముఖం చూస్తే నాకే జాలేసింది. బేరం నేను కుదురుస్తానన్నాను. అప్పటికి నాకు మీసాలు సరిగా రాలేదు గానీ బేరగాడినన్న పేరు వచ్చేసింది. సాయంత్రం టమోటా గంపల దగ్గర నేను కూర్చున్నానంటే, నన్ను వదిలించుకోవడానికే రైతులు ధర దించేవాళ్ళు. (దీన్ని నేను చాలా కాలం నా తెలివి అనుకున్నాను.) పాత సరుకు పోవాలంటే ఏం కావాలి? గిరాకీ కావాలి. సంతరోజు తంబళ్లపల్లె వైపు నుంచి చెనక్కాయల మూటలతో మా అంగడికి వచ్చే రైతులున్నారు. వాళ్ళను భోజనానికి పిలిస్తే చట్టి గతి ముగుస్తుంది.

"మధ్యాన్నం అన్నం మా ఇంట్లోనే" అన్నాను వాళ్ళ పెద్దాయనతో.

"యాలప్పా? చెనక్కాయ ధర కొయ్యడానికా?"

"లేదు పెద్దాయనా, ఊరికే."

"ఊరికేనా. ఇన్నేండ్లుగా వస్తాండాం, ఆ సరుకు మీ అంగట్లో ఎప్పుడూ సూడలేదే" అన్నాడు. వెనకున్నవాళ్ళు నవ్వారు. అయినా ఆకలి మీదున్నారు, వచ్చారు.

నేను మరిచిపోయింది ఒకటే. వాళ్ళు ఇంట్లోకి అడుగు పెట్టగానే గిరాకీ కారు, అతిథులవుతారు. అవ్వ కాళ్ళకు నీళ్ళిచ్చింది, విస్తర్లు పరిచింది, అప్పుడే దించిన సంగటి తెచ్చి ముద్దలు వేసి గుంటల నిండా నెయ్యి పోసింది. "అవ్వా, పాతది..." అని గొణిగాను. "సిగ్గుండాదా నీకు? ఇంటికొచ్చినోళ్ళకి సద్ది పెడతామా?" అని కసిరింది. వాళ్ళు కష్టం చేసే మనుషులు, బాగా తిన్నారు. చాలదేమోనని అవ్వ ఇంకో చట్టి సంగటి కెలికింది. అప్పటికి వాళ్ళ కడుపులు నిండాయి, ఆ రెండో చట్టి అట్లే మిగిలింది. అంటే, నా బేరం పుణ్యమా అని మేం లోకం కంటే రెండు రోజులు వెనకబడ్డాం. పెద్దాయన తేన్చి, "దినామూ ఇట్లా వేడి సంగటి తింటాండారు, మీరు రాజాలప్పా" అన్నాడు. తలుపు చాటున నిలబడిన వదిన అది విన్నది. సాయంత్రానికి ట్రంకుపెట్టెలో చీరలు మడత పెట్టేసింది.

మరునాడు పొద్దున్నే వదినను దిగబెట్టే పని నా మీద పడింది (పాడు చేసిన బేరానికి రవాణా కూడా మనదే). అవ్వ పొమ్మనలేదు, ఉండమనలేదు. తెల్లవారుజామునే లేచి దోవకు సద్ది కట్టింది. నిన్నటి సంగటి, మొన్నటి సంగటి, చింతపండు పిసికిన పాత అన్నం, అన్నీ నిలువెత్తు క్యారియర్‌లో సర్దింది. ఆఖరుకు ఆ పులుసు చట్టికే మూతి మీద గుడ్డ వాసెన కట్టి నా ఒళ్ళో పెట్టింది. పాత సరుకు ముందు పోవాలి మరి. బస్సు కుదిపినప్పుడల్లా ఆ చట్టి నా చొక్కా మీద కొంచెం కొంచెం చెల్లిపోతూ వచ్చింది.

పుంగనూరులో బస్సు కాసేపు ఆగింది. వదిన కిందికి దిగి టీ అంగడి బల్ల మీద కూర్చొని, ఆకలికి తట్టుకోలేక క్యారియర్ విప్పమంది. పై గిన్నెలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాం. అడుగు గిన్నెకు పాత పంచె ముక్క చుట్టి ఉంది. విప్పితే ఆవిరి. ఆ తెల్లవారుజామున కెలికిన సంగటి, గుంట తీసి పోసిన నెయ్యి ఇంకా కరిగే ఉంది. వదిన చివరి మెతుకు దాకా తిన్నది.

ఈలోగా టీ అంగడాయన చట్టి వైపు ముక్కు ఎగబీల్చి, వేలు ముంచి నాకాడు. "ఈ పులుసు ఎన్నాళ్ళు కాగిందప్పా, ఇంత రుచిగా ఉండాది?"

"నాకు తెలిసినప్పటి నుంచీ" అన్నాను.

వదిన నవ్వింది. ఆమె నవ్వగా వినడం చాలా రోజుల తర్వాత అదే. టీ అంగడాయనకు చట్టీ, గిన్నెల్లోని అన్నమూ, సంగటీ అన్నీ అప్పగించి, బదులుగా రెండు టీలు తాగాం. (ఒక బన్ను కూడా అడిగాను. ఇవ్వలేదు.) కుప్పం వైపు పోయే మా బస్సు హారన్ కొట్టింది. వదిన కదల్లేదు.

"ఇంగ మీ ఇంట్లో పాతది ఏమీ లేదు కదా?"

"లేదు. అంతా ఈడే ఉండాది."

"అయితే మధ్యాన్నం అందరూ వేడిది తినాల్సిందే."

"తినక యాడికి పోతారు."

"పెట్టె దించప్పా" అంది. "మదనపల్లె బస్సు ఎప్పుడో కనుక్కో."

మేం ఇల్లు చేరేసరికి అందరూ విస్తర్ల ముందు కూర్చొని ఉన్నారు. నాయన వేళ్ళు కాల్చుకొని ఊదుకుంటున్నాడు. అన్న నాలుక కాల్చుకొని నీళ్ళు తాగుతున్నాడు. వేడి కూడు ఎట్లా తినాలో మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు పాపం. గడపలో వదినను చూసి అవ్వ ఎందుకొచ్చావని అడగలేదు. ఇంకో విస్తరి వేసి, "కూసో, సల్లారిపోతాది" అంది. చల్లారిపోతుందని ఆమె బెంగపడటం నేను వినడం అదే మొదటిసారి.

ఆ తర్వాత బియ్యం కొలిచే పని వదిన తీసుకుంది. ఎవరైనా వస్తారేమోనని అవ్వ ఎక్కువ వేసే గుప్పెడును, అవ్వ అటు తిరగ్గానే డబ్బాలోకి వెనక్కి వేసేది. వదిన అటు తిరగ్గానే అవ్వ మళ్ళీ ఎసట్లో వేసేది. అవ్వ ఉన్నన్నాళ్ళూ ఆ బేరం తెగలేదు.

మొన్న వదినా నేనూ ఏదో పెళ్ళికి పోతూ దోవలో ఒక కొత్త హోటల్లో ఆగాం. గోడ మీద పెద్ద అక్షరాలతో 'సద్ది సంగటి' అని రాసి ఉంది. మట్టిముంతలో తెచ్చి పెట్టారు. నేనొక గుక్క తాగి, ఎప్పటిదని సర్వర్ని అడిగాను. "పొద్దున చేసిందే సార్, ఫ్రెష్షు" అన్నాడు గర్వంగా. నిన్నటిది లేదా అని పాత అలవాటు కొద్దీ బేరం పెట్టాను. అతను నన్ను జాలిగా చూసి వెళ్ళిపోయాడు. ఎదురుగా వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఈసారి నవ్వు ఆపుకోవడానికి. నా ముంతలో అడుగున కొంచెం మిగిలింది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. కడుపులో చోటు లేకపోయినా ఎత్తి తాగేశాను.