చింతపండు తడిసిన పూట

భోపాలపట్నంలో మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. వస్తువు పాడుచేసిన వాళ్లు ఆ పూట ఉప్పుగంజితో సరిపెట్టుకోవాలి. మా అత్త పెట్టిన కట్టుబాటు అది. ఆమె పోయాక నేనూ వదల్లేదు. కోడలు కాపురానికొచ్చిన కొత్తలో అన్నం మాడబెడితే దానికీ గంజే పోశాను.

పోయిన ఎండాకాలం ఏడాదికి సరిపడా చింతపండు నేనే గింజ తీసి, ఈనెలు ఏరి, వాకిట్లో పరదా పట్టా మీద ఆరబోశాను. మధ్యాహ్నం మబ్బు పట్టింది. అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. చినుకులు టపటపా పడ్డాయి. లేవాలని తెలుసు. కాళ్ల నొప్పి లేదు, కునుకూ పట్టలేదు. అయినా లేవలేదు. ఎందుకంటే ఏం చెప్పను? రెండో తరగతితో బడి మానేసినదాన్ని, నా బుర్రకు అందడం లేదు.

కోడలు పక్కనే ఉన్న మా దుకాణంలోంచి పరుగెత్తుకొచ్చేసరికి పండంతా తడిసి ముద్దయింది.

"ఏందత్తమ్మా, చూస్కుంటనే కూసున్నవా?"

"అవ్."

అదే పని అది చేసి ఉంటే వీధి చివరిదాకా వినపడేటట్టు తిట్టేదాన్ని. అది మాత్రం పట్టా కొసలు పట్టి పండంతా లోపలికి మోసుకుపోయింది. నన్ను నేనే తిట్టుకుంటూ గంజి కాచుకుని, ఉప్పు కలుపుకుని కూర్చున్నాను.

కోడలు కంచం తెచ్చి ముందు పెట్టింది. తడిసిన పండే ఇంత పిసికి వంకాయ పులుసు చేసింది.

"నాకొద్దు. ఇంటి కట్టుబాటు నీకెరికే గద."

"నీ అత్త పోయి ఇరవై ఏండ్లాయె. ఇప్పుడు నీకు నువ్వే అత్తవైనవా?"

"ఎక్కువ మాట్లాడకు."

"మొన్న గుడ్లమ్మే ఆమె మన గడప కాడ బుట్ట పడేసుకుంటే ఏమన్నవ్? పోనియ్ బిడ్డా, పొద్దటిసంది మోసి చెయ్యి అలిసిందన్నవ్. నీ చెయ్యేమన్న ఇనుముదా?"

అలిసిందా నా చెయ్యి? ఎప్పుడూ అడిగి చూడలేదు. పరాయి మనిషిని అంత తేలిగ్గా ఎలా వదిలేశానో, ఆ మాట నాకు నేను ఎందుకు చెప్పుకోలేకపోయానో తెలియలేదు.

పులుసు చల్లారుతోంది. వడ్డించిన కూడు పారేయడం నా వల్ల కాదు. ఆ సంగతి కోడలికి బాగా తెలుసు. తిన్నాను. తర్వాత గంజి కూడా తాగాను, అదీ పారబోయలేక.

ఆ పూట నాకు శిక్ష పడినట్టా, మాఫీ అయినట్టా? ఇప్పటికీ తేలలేదు.